ఒకటిన్నర మిల్లీమీటర్ల టేపు: ఒక స్పెక్ట్రమ్, ఒక క్యాసెట్, నా రెండు తప్పులు

ఒక మాస్టారి పాత స్పెక్ట్రమ్ కంప్యూటరునూ, దాని క్యాసెట్‌నూ బాగుచేసిన కథ ఇది. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. ఊరి పేరు చెప్పను. చుట్టరికాలు ఒకటి రెండు మార్చాను. బోర్డు మీద, టేపు మీద జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు రాశాను. అన్నీ సవ్యంగా జరిగిన రిపేర్ల గురించి రాయడానికి నాకు పెద్దగా ఏమీ ఉండదు. ఇందులో రెండు చోట్ల తప్పు నాదే, అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

హైదరాబాద్‌లో నా బతుకుదెరువు పవర్ సప్లయిలు, ఇన్వర్టర్ బోర్డుల రిపేరు. సెలవు రోజుల్లో ఇంట్లో బల్ల మీద 1980ల నాటి ఇంటి కంప్యూటర్లు పెట్టుకుని కూర్చుంటాను. తెలిసినవాళ్ల ద్వారా అప్పుడప్పుడు ఎవరో ఒకరు అటక మీది డబ్బా దింపి పట్టుకొస్తుంటారు.

ఈ కేసులో వచ్చినాయన రిటైరైన లెక్కల మాస్టారు. కోస్తాలో ఒక చిన్న పట్టణం. వాళ్ల తమ్ముడు 80ల నడుమ ఇంగ్లండు నుంచి వస్తూ ఒక జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ తెచ్చి ఇచ్చాడు. రబ్బరు మీటలున్న 48 కిలోబైట్ల మోడల్. 1982 ఏప్రిల్‌లో సింక్లెయిర్ సంస్థ విడుదల చేసిన యంత్రం, 3.5 మెగాహెర్ట్జ్ జెడ్80 ప్రాసెసర్. తెరగా ఇంట్లో టీవీ, ప్రోగ్రాములు దాచుకోవడానికి పాటలు వినే టేపు రికార్డరే. దీని తర్వాతి మోడల్ స్పెక్ట్రమ్ ప్లస్‌ను 1986లో పుణెకు చెందిన డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ లైసెన్సు మీద మన దేశంలోనూ అమ్మింది. మన దగ్గర ఎక్కువగా బయటపడేవి అవే. మాస్టారిది అసలు ఇంగ్లండు సరుకు, మూడో ఇష్యూ బోర్డు, అంటే ఆ బోర్డు డిజైనులో మూడో రూపం.

ఆయన దాన్ని ఆటలకు కాదు, బళ్లో లెక్కలు చూపించడానికి వాడారట. ఎండాకాలం సెలవుల్లో కూతురి కోసం ఇంకేదో కూడా రాశారట. ఆ "ఇంకేదో" అన్న మాటను నేను అప్పుడు పట్టించుకోలేదు.

ఏం చెప్పారు, నేను ఏం విన్నాను

"ఆన్ అవటం లేదు బాబూ. మొన్నటిదాకా బాగానే ఉండుంటుంది, ఇరవై ఏళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు కదా" అన్నారు. మొన్నటికీ ఇరవై ఏళ్లకూ మధ్య దూరం పెద్దవాళ్ల లెక్కలో అంతే.

ఏ రిపేరులోనైనా నా మొదటి ప్రశ్న ఒకటే: ఆఖరిసారి ఎవరు, దేనితో ఆన్ చేశారు? వెనకాల నిలబడ్డ అల్లుడుగారు కాస్త ఇబ్బందిగా ఒక అడాప్టరు తీసి చూపించారు. పాత నల్ల ఇటుకలాంటి అడాప్టరు ఎప్పుడో పోయిందట. ఈయన ఆన్‌లైన్‌లో 9 వోల్టులు, 2 ఆంపియర్లు అని చూసి కొత్తది తెప్పించారు. జాక్ కూడా సరిగ్గానే దూరింది. పెట్టగానే చిన్న వాసన వచ్చిందట, వెంటనే తీసేశారట.

అడాప్టరు వెనక ఆ చిన్న గుండ్రటి బొమ్మ చూశాను. నడిమి పిన్ ప్లస్, బయటిది మైనస్. ఈ రోజుల్లో దాదాపు అన్నీ అలాగే వస్తాయి. స్పెక్ట్రమ్‌కు కావలసింది సరిగ్గా దానికి తిరగేసినది: నడిమి పిన్ మైనస్. తిరగేసి ఇస్తే అడ్డుకునే డయోడ్ ఆ బోర్డులో కరెంటు వచ్చే దారిలో లేదు. అల్లుడుగారిని నిందించడానికి లేదు. వోల్టులు చూశారు, ఆంపియర్లు చూశారు, జాక్ సైజు చూశారు. మూడూ సరిపోయాయి.

కంప్యూటరుతో పాటు ఒక బిస్కెట్ల రేకు డబ్బా కూడా వచ్చింది. అందులో రెండు ఆటల క్యాసెట్లు, ఒక మామూలు రికార్డింగ్ క్యాసెట్. దాని మీద నీలిసిరాతో ఏదో రాసి ఉంది, చెమ్మకు అలుక్కుపోయింది. "ఇవి తర్వాత చూద్దాం మాస్టారూ, ముందు యంత్రం బతకనివ్వండి" అని డబ్బాను అలమరా పైన పెట్టాను. జూలై నెల, వానలు మొదలయ్యాయి. నా రెండో తప్పుకు బీజం అక్కడే పడింది. అది తెలియడానికి మూడు వారాలు పట్టింది.

చల్లగా ఉన్న బోర్డు మీద

తిరగేసిన కరెంటు తిన్న బోర్డును వెంటనే ఆన్ చేసి చూడాలనే ఆత్రం అందరికీ ఉంటుంది. చెయ్యకూడదు. అంతవరకు నేను బాగానే ఉన్నాను. కరెంటు ఇవ్వకుండా మల్టీమీటరుతో మొదలుపెట్టాను.

స్పెక్ట్రమ్‌లో వచ్చిన 9 వోల్టులు రెండు దార్లలో వెళ్తాయి. ఒక దారి 7805 రెగ్యులేటర్ గుండా వెళ్లి 5 వోల్టులవుతుంది. రెండో దారిలో రెండు ట్రాన్సిస్టర్లు, ఒక చిన్న కాయిల్ కలిసి ఊగుతూ 12 వోల్టులనూ, మైనస్ 5 వోల్టులనూ పుట్టిస్తాయి. ఇన్ని రకాల వోల్టేజీలు ఎందుకంటే, కింది 16 కిలోబైట్ల మెమరీకి వాడిన 4116 చిప్పులకు మూడూ కావాలి: ఒకటో పిన్‌కు మైనస్ 5, ఎనిమిదికి 12, తొమ్మిదికి 5. అటువంటి చిప్పులు ఎనిమిది ఉంటాయి, ఐసీ 6 నుంచి ఐసీ 13 దాకా. తెర మీద కనిపించే బొమ్మ కూడా వీటిలోనే ఉంటుంది, 16384వ చిరునామా నుంచి 6912 బైట్లు. అందువల్ల ఇవి చెడితే చెడినట్టు తెరే చెప్పేస్తుంది.

కాయిల్ దగ్గరి టీఆర్4 ట్రాన్సిస్టర్‌లో కలెక్టరు, ఎమిటరు అనే రెండు కాళ్ల మధ్య షార్ట్. ఈ యంత్రాల్లో అందరికంటే ముందు పోయేది అదే కాబట్టి ఆశ్చర్యపోలేదు. 7805 కూడా అనుమానంగా ఉంది. 5 వోల్టుల లైనుకూ గ్రౌండుకూ మధ్య మాత్రం షార్ట్ లేదు. అంటే ప్రాసెసరు, రామ్, రోమ్ బతికే ఉండే అవకాశం ఉంది.

కెపాసిటర్ల దగ్గర ఒక నిర్ణయం తీసుకోవాలి. పాత యంత్రం దొరకగానే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లన్నీ పీకి కొత్తవి వెయ్యడం చాలామందికి ఆచారం. నాకు ఆ అలవాటు లేదు. నలభై ఏళ్ల నాటి బోర్డు మీద రాగి గీతలు పలచగా ఉంటాయి. అవసరం లేని ప్రతి సోల్డరింగూ ఒక గీత లేచిపోయే అవకాశమే. కానీ ఈసారి వాటికి తిరగేసిన వోల్టేజీ తగిలింది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు ఒకసారి తిరగబడితే, ఇవాళ బాగున్నట్టు కొలత చూపించినా రేపటికి హామీ లేదు. కాబట్టి 9 వోల్టులు నేరుగా తగిలే వాటిని మార్చాను, మిగతావాటి జోలికి పోలేదు. టీఆర్4, 7805 కూడా కొత్తవి వేశాను.

మొదటి తప్పు బల్ల మీదికి వచ్చిన రోజు

ఆదివారం సాయంత్రం బెంచ్ సప్లయి 9 వోల్టులకు పెట్టి, 1 ఆంపియర్ దాటకుండా కట్టడి చేసి ఆన్ చేశాను. 5 వోల్టులు సరిగ్గా ఉన్నాయి. 12 వోల్టులు కొంచెం అటూ ఇటూగా ఉన్నాయి. వాసన లేదు. ఆ ఉత్సాహంలో టీవీ వైపు తిరిగాను.

తెర మీద నలుపు తెలుపు నిలువు గీతలు. కేబుల్ సర్దాను, టీవీ సెట్టింగులు మార్చాను, ఒకసారి ఆపి మళ్లీ వేశాను. రెండు నిమిషాలు గడిచి ఉంటాయి. అప్పుడు వేలు చిప్పుల మీద పెట్టాను. వరసలో మూడు చురుక్కుమన్నాయి.

అప్పుడు చూశాను మైనస్ 5 లైను. అక్కడ ఉండాల్సిన వోల్టేజీ లేదు, సున్నాకు దగ్గరగా ఉంది. ఆ లైనులో ఒక డయోడ్ తెగిపోయి ఉంది. 4116 చిప్పుల విషయంలో మైనస్ 5 అన్నిటికంటే ముందు రావాలి, అన్నిటికంటే చివర పోవాలి. అది లేకుండా 12 వోల్టులు తగిలితే చిప్పు లోపల కరెంటు అడ్డదారిన పారి కాలిపోతుంది. ఇది నాకు తెలియని విషయం కాదు, ఇద్దరు ముగ్గురికి నేనే చెప్పాను. కొలవాల్సిన మూడు వోల్టేజీల్లో రెండు కొలిచి, రెండూ బాగున్నాయి కదా అని మూడోదాన్ని వదిలేశాను.

ఆ మూడు చిప్పులు అల్లుడుగారి అడాప్టరుకు పోయాయా, నా రెండు నిమిషాలకు పోయాయా? తేల్చడానికి ఇప్పుడు దారి లేదు. మాస్టారికి ఫోన్‌లో ఉన్నమాట చెప్పాను. "సరేలే బాబూ, లెక్క తప్పితే కొట్టేసి మళ్లీ చెయ్యటమే" అన్నారు.

ఇది మళ్లీ జరగకుండా చేసుకున్న ఏర్పాటు చిన్నదే. ఇప్పుడు నా బల్ల మీద మూడు చిన్న వోల్ట్‌మీటర్లు ఒకే చెక్కకు బిగించి ఉంటాయి. మూడూ సరిగ్గా చూపించేదాకా టీవీ ప్లగ్గు పెట్టను. అసలు మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 4116లు బోర్డులో ఉండనే కూడదు. కానీ ఇవి నేరుగా సోల్డర్ చేసిన చిప్పులు, ముందే పీకాలంటే మనసొప్పదు. అలాంటప్పుడు 12 వోల్టుల దారిని తాత్కాలికంగా తెంచి, మైనస్ 5 వస్తోందని తేల్చుకున్నాకే కలుపుతాను.

రామ్: పాతదా, కొత్తదా

మూడు చిప్పులే పోయినా, వేడెక్కిన వాటి పక్కన కూర్చున్న మిగతా ఐదింటిని నమ్మబుద్ధి కాలేదు. ఎనిమిదీ తీసేసి సాకెట్లు వేశాను. అవి తీయడానికి ఒక రోజంతా పట్టింది. ఒక్కో కాలూ కత్తిరించి ఒక్కొక్కటే పీకాను. చిప్పు ఎలాగూ పోయింది, బోర్డు బతకాలి.

ఇప్పుడు వాటి బదులు ఏం పెట్టాలి? కోఠి గుజరాతీ గల్లీలో వెతికితే పాత బోర్డుల నుంచి పీకిన 4116లు దొరకవచ్చు. కానీ అవి కూడా మైనస్ 5 మీదే ఆధారపడి బతికేవి. ఈ యంత్రం తిరిగి వెళ్లేది సముద్రపు గాలి తగిలే ఊరికి, చూసుకునేది 70 దాటిన మనిషి. మళ్లీ ఎప్పుడో టీఆర్4 పోతే మళ్లీ ఎనిమిది చిప్పులూ పోతాయి.

ఇంకో దారి 4164. ఇది 5 వోల్టులతోనే నడుస్తుంది. కాళ్ల అమరిక దాదాపు ఒకటే, తేడా కరెంటు కాళ్ల దగ్గరే. 4116లో 12 వోల్టులు తగిలే ఎనిమిదో కాలు 4164లో 5 వోల్టులు అడుగుతుంది. తొమ్మిదో కాలు ఆఖరి అడ్రసు లైను. కాబట్టి ప్రతి చిప్పుకూ ఎనిమిదో కాలు సాకెట్లో దిగకుండా పైకి వంచి తొమ్మిదికి కలిపాను. మైనస్ 5 తగిలే ఒకటో కాలు కూడా పైకి లేపాను. తొమ్మిదిలో ఎప్పుడూ 5 వోల్టులే ఉంటాయి కాబట్టి అడ్రసులో ఆ బిట్టు మారదు, చిప్పులోని 64 కిలోబిట్లలో పావు వంతే వాడుకలో ఉంటుంది. మనకు కావలసింది కూడా అంతే.

"అసలు రూపం చెడగొట్టావు" అనే మిత్రులు నాకున్నారు. వాళ్లకు నా జవాబు: ఒక్క గీత కూడా కొయ్యలేదు. రేపు ఎవరైనా 4116లు తెచ్చి సాకెట్లలో గుచ్చితే యంత్రం కొత్తలో ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఆ మాటే ఒక చీటీ మీద రాసి, తేదీ వేసి, మూత లోపల అతికించాను. తర్వాత విప్పేవాడికి అది అందితే చాలు.

మిగతా పని మామూలే. మీటల కింది ప్లాస్టిక్ పొర పెళుసెక్కి విరిగింది, కొత్తది తెప్పించాను. టీవీ సిగ్నలు యూహెచ్‌ఎఫ్ 36వ చానల్లో పంపే రేకు డబ్బాను పక్కన పెట్టి, కాంపోజిట్ వీడియో నేరుగా బయటికి తీశాను. రెండు తీగలు వెనక్కి కలిపితే అదీ పాత రూపానికి వస్తుంది. ఆన్ చేస్తే తెర అడుగున "© 1982 సింక్లెయిర్ రీసెర్చ్ లిమిటెడ్" వచ్చింది. మెమరీ చివరి చిరునామా అడిగితే 65535 అంది, అంటే 48 కిలోబైట్లూ ఉన్నాయి.

"ఇప్పుడు ఇది వెయ్యి బాబూ"

మాస్టారు వచ్చారు. తెర చూశారు, తలూపారు. నేను ఎదురుచూసిన సంబరం ఆ ముఖంలో లేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, కుడిచేతి వేలితో జె మీట నొక్కారు. తెర మీద 'లోడ్' అని పడింది. స్పెక్ట్రమ్‌లో ఆదేశాలు అక్షరాలు కూర్చి రాయనక్కర్లేదు, ఒక్కో మీటకు ఒక్కో మాట ఉంటుంది. తర్వాత సింబల్ షిఫ్ట్ పట్టుకుని పి రెండుసార్లు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ వేళ్లు వెతుక్కోలేదు. అప్పుడు నా వైపు తిరిగి "ఇప్పుడు ఇది వెయ్యి బాబూ" అంటూ రేకు డబ్బాలోంచి ఆ నీలిసిరా క్యాసెట్ తీశారు.

అందులో ఉన్నది ఆయన కూతురి కోసం రాసిన ప్రోగ్రాము: తెలుగు అక్షరాలు తెర మీద పెద్దవిగా గీసి చూపించేది. ఇప్పుడా కూతురి కూతురికి ఐదో ఏడు. ఆయన వచ్చింది దానికోసం. యంత్రం ఆయనకు ఆ టేపు చదివే పరికరం మాత్రమే. నేను మూడు వారాలు పరికరాన్ని బాగుచేశాను. ఆ మూడు వారాలూ అసలు వస్తువు వానాకాలం చెమ్మలో అలమరా మీద కూర్చుంది.

టేపు అంచుల మీద తెల్లటి బూజు కనిపిస్తోంది. ఆ సంగతి చూస్తూ కూడా, ఆయన ఎదురుగా కూర్చున్నారన్న మొహమాటానికి, పక్కనున్న నా పాత టేపు రికార్డరులోనే పెట్టేశాను. ఇది రెండో తప్పు. ఆ రికార్డరులో టేపును నొక్కి లాగే పించ్ రోలర్ రబ్బరు మెత్తబడి అంటుకుంటోందని నాకు తెలుసు. మార్చాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ముందు సన్నగా కూత, ఐదు సెకన్లు. ఎరుపు, లేతనీలం పట్టీలు తెర అంచున కదిలాయి. తర్వాత ప్రోగ్రాము పేరు పడింది: ఇంగ్లిషు అక్షరాల్లో 'అక్షరాలు'. పేరుకు పది అక్షరాలే పరిమితి, ఆయన తొమ్మిదిలో సరిపెట్టారు. మళ్లీ కూత, పసుపు, నీలం పట్టీలు. పది సెకన్లు గడిచాయో లేదో పట్టీలు ఆగిపోయాయి. టేపు రోలర్‌కు చుట్టుకుంది.

ఆపి, మెల్లగా విడదీశాను. తెగలేదు. ఒకచోట మాత్రం అడ్డంగా మడత పడింది. మాస్టారు ఏమీ అనలేదు. "ఇక్కడే వదిలి వెళ్లండి, పది రోజులు టైమివ్వండి" అన్నాను. ఈసారి క్యాసెట్‌ను అలమరా మీద కాక, బియ్యం డబ్బాలాంటి బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాను.

టేపును శబ్దంగా చూడటం

మొదట చెయ్యాల్సింది ఇప్పుడు చేశాను. టేపును పాత పెంకులోంచి తీసి మరలున్న కొత్త పెంకులోకి మార్చాను. బూజును పొడిగుడ్డతో మెల్లగా తుడిచాను. మంచి డెక్ ఒకటి మిత్రుడి దగ్గర అరువు తెచ్చి, రోలర్, హెడ్ శుభ్రం చేశాను. స్పెక్ట్రమ్‌కు కలపలేదు, మామూలు కంప్యూటరుకు కలిపి, ఆడాసిటీ అనే శబ్దాలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేశాను. బలహీనమైన టేపును ఎన్నిసార్లు తిప్పితే అంత అరుగుతుంది. ఒకసారి శబ్దంగా పట్టుకుంటే ఆ తర్వాత వెయ్యిసార్లయినా చూడొచ్చు.

రెండు జాగ్రత్తలు పనికొచ్చాయి. ఒకటి, హెడ్ వాలు. మాస్టారి పాత రికార్డరు హెడ్ కొంచెం ఓరగా ఉండి ఉండాలి. టేపు ఆ ఓరతోనే రికార్డయింది. సరైన హెడ్‌తో వింటే పైశబ్దాలు మసకబారాయి. హెడ్ వాలును మార్చే అజిమత్ స్క్రూను పావు మలుపు తిప్పగానే కూత పదునెక్కింది. యంత్రానికి కాదు, టేపుకు తగ్గట్టు హెడ్‌ను సర్దాలి. రెండు, స్టీరియోలో రికార్డు చేసి రెండు చానళ్లనూ కలపలేదు. కలిపితే వాటి మధ్య ఉన్న సూక్ష్మమైన తేడా వల్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎడమ చానలు శుభ్రంగా ఉంది, అదొక్కటే ఉంచాను.

ఈ టేపు భాష చాలా సరళం. బిట్టు అంటే ఒక సున్నా లేదా ఒకటి, ఎనిమిది కలిస్తే ఒక బైటు. ఒక్కో బిట్టుకు ఒక్కో అల. సున్నా అయితే పొట్టి అల, సుమారు 0.49 మిల్లీసెకను. ఒకటి అయితే దానికి రెట్టింపు, 0.98. ఒక విడతగా రాసిన బైట్ల దిమ్మ ఒక్కోదాని చివర ఒక తనిఖీ బైటు ఉంటుంది. ముందున్న బైట్లన్నిటినీ ఎక్స్ఆర్ చేస్తే, అంటే బిట్టుకు బిట్టు పోల్చి ఒకేలా ఉంటే సున్నా, వేరైతే ఒకటి వేసుకుంటూ పోతే, వచ్చే విలువ అది. ఒక్క బిట్టు తేడా వచ్చినా యంత్రం "టేప్ లోడింగ్ ఎర్రర్" అని మొత్తం వదిలేస్తుంది.

ప్రోగ్రాము 15 కిలోబైట్లకు పైగా ఉంది. అందులో మూడు చోట్ల అలలు పడిపోయాయి. రెండు బూజు తిన్నవి, ఒకటి నా మడత.

మాస్టారి లెక్క, స్పెక్ట్రమ్ లెక్క

స్పెక్ట్రమ్‌లో సొంతంగా బొమ్మ గీసుకునే అక్షరాలు 21 ఉంటాయి. ఒక్కోటీ ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది వరుసల ఎత్తు; ఒక్కో వరుసకు 0 నుంచి 255 లోపు ఒక సంఖ్య. తెలుగు అక్షరం ఎనిమిది చుక్కల్లో ఇమడదు, ఘ, ఝ లాంటివి అసలే ఇమడవు. మాస్టారు ఒక్కో అక్షరాన్ని నాలుగు గడుల్లో గీశారు, అంటే 32 సంఖ్యలు. గళ్ల కాగితం మీద గీసి, చుక్కలు లెక్కపెట్టి, డేటా వాక్యాలుగా టైపు చేశారు. 50 పైచిలుకు అక్షరాలకు 1600 దాటిన సంఖ్యలు. ఒక్కో అక్షరం వంతు వచ్చినప్పుడు ఆ నాలుగు గడులనే మళ్లీ నింపుతారు, కాబట్టి 21 చాలు.

ఇక్కడ మాకు అదృష్టం కలిసొచ్చింది. స్పెక్ట్రమ్‌లో ప్రోగ్రాములు రాసే భాష బేసిక్ ప్రతి సంఖ్యనూ రెండుసార్లు దాస్తుంది. మనం తెర మీద చదవడానికి అంకెలు. ఆ వెనకే 14 అనే గుర్తు. ఆ తర్వాత యంత్రం వాడుకోవడానికి ఐదు బైట్ల దాపుడు రూపం. చిన్న సంఖ్యలకు ఆ ఐదింటిలో నడిమిదే అసలు విలువ, మిగతావి సున్నాలు. మెమరీ తక్కువున్న యంత్రంలో ఇది దుబారా అని ఆ రోజుల్లో తిట్టుకున్నవాళ్లున్నారు. నలభై ఏళ్ల తర్వాత ఆ దుబారాయే పనికొచ్చింది.

అలలు పడిపోయిన చోట, అలలను బైట్లుగా మార్చే డీకోడర్‌కు వచ్చిన ఇబ్బంది కొన్ని బైట్లు పోవడంతో ఆగదు. ఎన్ని బిట్లు పోయాయో తెలియదు కాబట్టి ఆ తర్వాత వచ్చేవన్నీ పక్కకు జరిగి చెత్తలా కనిపిస్తాయి. ఎనిమిది రకాలుగా జరిపి చూశాను. ఏదో ఒక జరుపులో 14, సున్నా, సున్నా, ఒక విలువ, సున్నా, సున్నా అనే వరస మళ్లీ మళ్లీ కనిపించింది. అదే సరైన జరుపు.

మొదటి గండిలో పోయినవి దాపుడు రూపం చివరి సున్నాలే. అవి ఏమిటో అడగనక్కర్లేదు. రెండో గండిలో అంకెలు పోయి విలువ మిగిలింది. విలువ చూసి అంకెలు తిరిగి రాశాను. మూడోది నా మడత. అది సరిగ్గా ఒక సంఖ్య మొదటి అంకె నుంచి దాని దాపుడు విలువ దాకా, ఆరు బైట్లు మింగింది. రెండు కాపీలూ ఒకే దెబ్బకు పోయాయి.

ఇక మిగిలింది తనిఖీ బైటు. మిగతా అన్నీ తెలుసు కాబట్టి, పోయిన అంకెలనూ విలువనూ ఎక్స్ఆర్ చేస్తే ఎంత రావాలో తెలుసు. 0 నుంచి 255 దాకా ప్రతి సంఖ్యకూ లెక్కకట్టి చూశాను. నాలుగు మిగిలాయి: 60, 61, 62, 63. అంకె ఒకటి పెరిగితే విలువా ఒకటి పెరుగుతుంది, ఎక్స్ఆర్‌లో ఆ రెండూ కొట్టుకుపోతాయి. కాబట్టి ఈ నాలుగింటినీ తనిఖీ బైటు విడదీయలేదు. చుక్కల్లో చూస్తే నాలుగింటికీ నడిమి నాలుగు చుక్కలు ఒకటే. చివరి రెండు చుక్కలు ఉన్నాయా లేవా అన్నదే తేడా.

నేను 60 ఎంచుకున్నాను. రెండు చుక్కలు ఖాళీ, నాలుగు చుక్కల గీత, మళ్లీ రెండు ఖాళీ. చూడ్డానికి పొందికగా ఉంది. గుండ్రటి తెలుగు అక్షరానికి అడుగు అలాగే ఉంటుందనిపించింది. ఇంతకంటే కారణం నా దగ్గర లేదు.

ఘ

కొత్త ఫైలును, టేపు శబ్దం లోపలికి వెళ్లే ఇయర్ సాకెట్ గుండా స్పెక్ట్రమ్‌కు వినిపించాం. నిమిషంన్నర పట్టీలు కదిలి, ఎర్రర్ లేకుండా ఆగింది. అ దగ్గర మొదలై ఒక్కో అక్షరం మెల్లగా పడుతోంది. మాస్టారు పెదవులు కదుపుతూ చదువుతున్నారు. ఘ దగ్గర ఆగారు.

"ఇది విరిగింది."

నాకేం కనిపించలేదు. ఆయన లేచి తెర మీద వేలు పెట్టి చూపించారు. ఎడమ గడికీ కుడి గడికీ మధ్య, ఒకే ఒక్క వరుసలో సన్నటి ఖాళీ. "పక్క గడిలోకి గీత దాటాలి కదా. నేను అంచుదాకా తెచ్చే కలిపాను, అన్నిటికీ అంతే."

అంచుదాకా అంటే చివరి చుక్క దాకా. 63. మార్చి వేశాం, ఘ అతుక్కుంది.

ఆయన వెళ్లాక ఆ గండి నిడివి కొలిచాను. ముందే కొలవాల్సింది. ఒకటికి పట్టే కాలం సున్నాకు రెట్టింపు కదా. 60 అయి ఉంటే ఆ ఆరు బైట్లూ 30 మిల్లీసెకన్ల లోపే అయిపోవాలి, 63 అయితే 32కు దగ్గర పడాలి. తెర మీద గండి దాదాపు 32 ఉంది. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది కాబట్టి నా మడత పొడవు ఒకటిన్నర మిల్లీమీటర్లు. పోయిన దాని ఆనవాలు ఆ ఖాళీలోనే ఉంది. పొందికను నమ్మి నేను అటు చూడలేదు.

ఇప్పుడు ఎవరైనా డబ్బా పట్టుకొస్తే, "ఏం పాడైంది" అని అడిగే ముందు "ఇందులో ఏం ఉంది, అది ఎవరికి కావాలి" అని అడుగుతున్నాను. క్యాసెట్లు, ఫ్లాపీలు ఉంటే యంత్రం విప్పకముందే వాటి నకలు తీస్తాను. ప్రోగ్రాము నడపడానికి ఈ రోజుల్లో, పాత యంత్రాన్ని కొత్త కంప్యూటరులో అనుకరించే ఎమ్యులేటర్ చాలు. యంత్రం సంగతి ఆ తర్వాత నెమ్మదిగా చూసుకోవచ్చు. అరిగిన రోలరున్న ఆ టేపు రికార్డరు ఇప్పుడు పాటలకు కూడా వాడటం లేదు.

మాస్టారికి ఇచ్చినవి: యంత్రం, నడిమి పిన్ మైనస్ ఉన్న అడాప్టరు, దాని తీగకు "దీనికి మాత్రమే" అని కట్టిన అట్టముక్క, కొత్త పెంకులో పాత టేపు, పెన్ డ్రైవులో శుద్ధి చెయ్యని శబ్దమూ, బాగుచేసిన ఫైలూ విడివిడిగా. అల్లుడుగారి అడాప్టరు మళ్లీ ఎవరి చేతికీ చిక్కకుండా, అడిగి, దాని జాక్ కత్తిరించాను. ఆ తెగిన ముక్కను పారేయబోతుంటే మాస్టారు చెయ్యి చాచి తీసుకుని, రేకు డబ్బాలో క్యాసెట్ల పక్కన పెట్టుకున్నారు.